మామూలు వేరు, సహజం వేరు
(సీసంపై పేటర్సన్ పరిశోధనలు: ఒక విమర్శ)

ఒక మనిషికి జ్వరం ఉన్నదని మనకు ఎలా తెలుస్తుంది? ఆరోగ్యవంతుడి ఒంటి వేడి ఎంత ఉండాలో ముందే తెలుసు గనుక తెలుస్తుంది. ఇప్పుడు ఒక వింత లోకాన్ని ఊహించండి. అక్కడ పుట్టిన ప్రతివాడికీ పుట్టింది మొదలు 101 డిగ్రీల జ్వరమే. రోగికీ అంతే, వైద్యుడికీ అంతే, థర్మామీటరు తయారుచేసినవాడికీ అంతే. ఆ లోకంలో వైద్యులు వేయిమందిని పరీక్షించి సగటు తీస్తే 101 వస్తుంది. దానినే ఆరోగ్యానికి గుర్తుగా పుస్తకాల్లో వ్రాసుకుంటారు. 104 వచ్చినవాడికి మాత్రమే మందు ఇస్తారు. తక్కినవారందరూ తాము బాగానే ఉన్నామనుకొని బ్రతుకుతారు.

సీసం విషయంలో మానవజాతి దాదాపు ఈ స్థితిలోనే ఉన్నదని 1965లో ఒక శాస్త్రజ్ఞుడు వాదించారు. ఆయన పేరు క్లెయిర్ పేటర్సన్. ఆయన వైద్యుడు కారు. రాళ్ల వయస్సును కొలిచే భూరసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన వ్యాసం మాత్రం పరిసరారోగ్యానికి సంబంధించిన ఒక అమెరికా వైద్య పత్రికలో వెలువడినది. దాని పేరును తెలుగులో ‘మానవుని కలుషిత, సహజ సీస పరిసరాలు’ అని చెప్పుకోవచ్చు. పెట్రోలులోనుంచి, ఆహారపు డబ్బాల్లోనుంచి సీసం తొలగిపోవడానికి దారితీసిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. అందుచేత దీనిని పొగిడినవారు చాలామంది ఉన్నారు. కాని పొగడ్తతో శాస్త్రం ముందుకు సాగదు. ఈ వాదంలో గట్టిది ఏది, బలహీనమైనది ఏది, అప్పట్లో ఊహగా ఉండి తరువాత రుజువైనది ఏది అని విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భూమి వయస్సు నుంచి సీసానికి

పేటర్సన్ 1922లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించారు. షికాగో విశ్వవిద్యాలయంలో హారిసన్ బ్రౌన్ వద్ద పరిశోధన చేస్తున్నప్పుడు ఆయనకు అప్పగించిన పని రాళ్లలోని సీసాన్ని కొలవడం. యురేనియం కోట్ల సంవత్సరాలపాటు క్రమంగా విచ్ఛిన్నమై చివరకు సీసంగా మారుతుంది. ఆ మార్పు ఎంత వేగంతో జరుగుతుందో మనకు తెలుసు. కాబట్టి ఒక రాతిలో ఏ రకం సీసం ఎంత ఉన్నదో కచ్చితంగా తెలిస్తే దాని వయస్సు చెప్పవచ్చు. ఈ పద్ధతితోనే ఉల్కాశకలాలను పరీక్షించి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని ఆయన 1956లో ప్రకటించారు. ఆ అంకె నేటికీ దాదాపు అలాగే నిలిచి ఉన్నది.

ఆ పనిలో ఆయనకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురైనది. రాతిలో ఉండవలసిన సీసం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సీసం ప్రతి పరీక్షలోనూ అగుపించేది. వెదకగా వెదకగా అది రాతిలోది కాదని తేలినది. గాలిలో సీసం, నీటిలో సీసం, గాజు పాత్రలో సీసం, ఆమ్లంలో సీసం, పరిశోధకుడి వెంట్రుకలో సీసం! అందుకని ఆయన కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో కొత్త ప్రయోగశాల కట్టుకున్నారు. లోపలికి వచ్చే గాలిని వడకట్టారు. పాత్రలను మళ్లీ మళ్లీ ఆమ్లంతో కడిగించారు. వాడే ద్రావకాలన్నిటినీ తిరిగి బట్టీపట్టి శుద్ధిచేశారు. చివరకు ఏ రాయీ వేయకుండా ఉత్త పరీక్ష చేసి, అందులో ఎంత సీసం వస్తుందో చూసి, దానిని లెక్కలోనుంచి తీసివేసేవారు. మన ఇళ్లలో నెయ్యి తూచేటప్పుడు ముందు ఉత్త గిన్నెను తూచినట్లే ఇది.

ఇదంతా వివరంగా ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, పేటర్సన్ తరువాతి వాదమంతా ఈ ఉత్త గిన్నె తూకం మీదనే నిలిచి ఉన్నది. ఇతరులు సీసాన్ని కొలిచినప్పుడు తూచినది నేతినా, గిన్నెనా అన్నదే ఆయన ప్రశ్న.

కీహో వాదం

పేటర్సన్ ఎవరితో వాదించారో తెలియకపోతే ఆ వాదం విలువ తెలియదు. మోటారు ఇంజను కొట్టుకోకుండా నడవడానికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవాన్ని పెట్రోలులో కలపవచ్చునని 1921లో అమెరికాలో కనుగొన్నారు. 1923లో అది అమ్మకానికి వచ్చినది. 1924లో ఆ ద్రవాన్ని తయారుచేసే ఒక కర్మాగారంలో కూలీలు మతిభ్రమించి మరణించడంతో పెద్ద అలజడి పుట్టినది. ఆ తరువాత నాలుగు దశాబ్దాలపాటు ఈ విషయంలో పెద్ద ప్రామాణికుడిగా చెలామణి అయినవారు సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ రాబర్ట్ కీహో. ఆ ద్రవాన్ని అమ్మే ఇథైల్ కంపెనీకి వైద్య సలహాదారు కూడా ఆయనే. ఈ రెండవ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. కాని దానితోనే ఆయన వాదాన్ని కొట్టివేయడం న్యాయం కాదు. వాదాన్ని వాదంగానే చూతము.

కీహో చెప్పినది ఇది. సీసం ప్రకృతిలోనే ఉన్నది. మట్టిలో, ఆహారంలో ఎప్పటినుంచో ఉన్నది. శరీరం కొంత సీసాన్ని గ్రహిస్తుంది, కొంత విసర్జిస్తుంది. రెండూ సరితూగుతూ ఉంటాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మైక్రోగ్రాముల సీసం వరకు ఏ రోగలక్షణమూ కనిపించదు. జనం రక్తంలో ఉన్నది అంతకంటే చాలా తక్కువ. కాబట్టి భయపడవలసినది లేదు. ఎవరికైనా హాని జరిగిందంటే, అన్నవారు రుజువు చేయాలి.

దీనికి బలంగా ఆయన 1930ల తొలి సంవత్సరాల్లో మెక్సికోలో చేసిన పరిశీలనను చూపేవారు. మోటార్లకూ, కర్మాగారాలకూ దూరంగా ఉన్న ఒక పల్లెలోని జనం మలమూత్రాల్లో కూడా సీసం ఉన్నది. నాగరికత సోకనివారిలోనే ఉన్నప్పుడు అది సహజం కాక మరేమిటని ఆయన భావం. చూడడానికి ఇది చక్కని తర్కమే. కాని ఆ పల్లెవారు భోజనం చేసే మట్టి పళ్లాలకు మెరుగు కోసం పూసే పూతలో సీసం ఉన్నది! మోటారు లేకపోయినంత మాత్రాన సీసం లేనట్లు కాదు. సీసపు పళ్లెంలో తిన్నవాడిని తెచ్చి నిష్కల్మషుడిగా నిలబెట్టి, మిగతావారిని అతనితో పోల్చడం జరిగినది. కొలతలో పొరపాటు లేకపోయినా పోలికలో పొరపాటు ఉంటే ఫలితం ఎలా తప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1965 వ్యాసం

పేటర్సన్ పట్టుకున్నది సరిగ్గా ఈ బలహీనతనే. ‘మామూలు’ అన్న మాటనూ, ‘సహజం’ అన్న మాటనూ ఆయన విడదీశారు. అందరిలోనూ ఉన్నది మామూలు. మనిషి సీసాన్ని గనులనుంచి త్రవ్వి కరిగించడం మొదలుపెట్టక ముందు ఉన్నది సహజం. ఈ రెండూ ఒకటేనని ఎవరూ నిరూపించలేదు, అనుకున్నారు, అంతే.

తరువాత ఆయన లెక్క వేశారు. భూమి పైపొరలోని రాళ్లలో సీసం పాలు ఎంత, అది అరిగి మట్టిలోకి, నీటిలోకి, ఆహారంలోకి ఎంత చేరగలదు, అందులో శరీరానికి పట్టేది ఎంత అని గణించి, సహజ మానవుడి వంద మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 0.25 మైక్రోగ్రాముల సీసం మాత్రమే ఉండి ఉండాలన్నారు. ఆనాటి సగటు అమెరికనుడి రక్తంలో ఉన్నది సుమారు 25. అంటే నూరు రెట్లు.

ఈ అంకెలను కీహో గీతతో కలిపి చూడండి. ప్రమాదపు గీత 80, మామూలు 25, సహజం 0.25. కీహో గీతవైపునుంచి చూస్తే మనిషి ప్రమాదానికి మూడు రెట్లు దిగువన ఉన్నాడు, సంతోషించాలి. పేటర్సన్ వైపునుంచి చూస్తే మనిషి సహజస్థితికి నూరు రెట్లు ఎగువన ఉన్నాడు, భయపడాలి. మనిషి ఉన్నచోటు మారలేదు. ఎక్కడనుంచి కొలుస్తున్నామన్నదే మారినది. ఇతర విషాల విషయంలో ప్రమాదపు గీతకు దిగువన ఎంతో ఎడం వదలడం ఆచారం. సీసానికి మాత్రం మూడు రెట్లు చాలునని ఎలా సరిపెట్టుకున్నారు? ఈ ప్రశ్నకు ఎదుటి పక్షం దగ్గర సరైన సమాధానం లేదు.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ముందు పరిశీలించినవారిలో కీహో కూడా ఒకరు. ఆయన దీనిని ప్రచురించవద్దనలేదు. ప్రచురిస్తే బహిరంగంగా ఖండించవచ్చుననుకున్నారు. 1966లో అమెరికా సెనేటు ఉపసంఘం ముందు ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. ఇక వాదంలోని లోపాలను ఒక్కొక్కటిగా చూతము.

మొదటి ఆక్షేపణ: ఇది కొలతా, లెక్కా?

1965 నాటికి 0.25 అన్న అంకె కొలిచినది కాదు, గణించినది. సహజ మానవుడు అప్పటికి లోకంలో లేడు. అతని రక్తం ఎవరికీ దొరకదు. రాళ్లనుంచి రక్తం వరకు వేసిన గొలుసులో ప్రతి లంకె దగ్గరా కొంత ఊహ ఉన్నది. రాళ్లు చూసేవాడు శరీర ధర్మాలను గూర్చి మాట్లాడుతున్నాడని ఆనాటి వైద్యులు ఆక్షేపిస్తే దానిని కేవలం అసూయ అనలేము. వ్యాసంలోని కఠినమైన ధోరణి కూడా ఆ ఆక్షేపణకు సాయపడినది. సాక్ష్యం కంటే తీర్పు ముందు పరుగెత్తినది.

కాని ఆయన గొప్పతనం ఏమిటంటే, ఆ అంకెను అక్కడితో వదలిపెట్టలేదు. ఊహించినదానిని కొలవడానికి లోకమంతా తిరిగారు. సముద్రపు లోతు నీటి కంటే పైనీటిలో సీసం ఎన్నో రెట్లు ఎక్కువని అప్పటికే, అంటే 1963లోనే, టాట్సుమోటోతో కలిసి చూపి ఉన్నారు. లోతునీరు పైకి వచ్చి కలవడానికి శతాబ్దాలు పడుతుంది. కాబట్టి పైన ఉన్న ఎక్కువ సీసం ఇటీవల ఆకాశంనుంచి పడినదే కావాలి. తరువాత గ్రీన్లాండు మంచు. అక్కడ ఏటేటా పడిన మంచు ఆ ఏటి గాలిని దాచుకొని పొరలుపొరలుగా పేరుకుంటుంది. చెట్టు మొదలులోని వలయాలవలె ఏ పొర ఏనాటిదో చెప్పవచ్చు. మురోజుమి, చౌ, పేటర్సన్ 1969లో ప్రకటించిన దాని ప్రకారం, క్రీస్తుకు పూర్వం 800 నాటి మంచులో కంటే 1965 నాటి మంచులో సీసం 200 రెట్లకు పైగా ఉన్నది. ఆ పెరుగుదలలో నిటారుగా లేచిన భాగం 1940 తరువాతది.

ఎముకలు కూడా సాక్ష్యం చెప్పాయి. శరీరంలో చేరిన సీసంలో అధికభాగం సున్నంతో పాటు ఎముకలోనే దాగుతుంది. పెరూ దేశపు ప్రాచీనుల ఎముకలను ఎరిక్సన్, షిరహాటాలతో కలిసి పరీక్షించి, వాటికంటే ఈనాటి అమెరికనుల ఎముకల్లో సీసం వందల రెట్లు ఎక్కువని ఆయన 1979లో చూపారు. ఆ ఎముకల ఆధారంతో ఫ్లెగాల్, స్మిత్ 1992లో వేసిన లెక్క ప్రకారం సహజ మానవుడి రక్తంలో సీసం 0.016 మైక్రోగ్రాములు మాత్రమే. కాబట్టి 1965 నాటి 0.25 తప్పే! కాని ఏ వైపు తప్పు? అతిశయోక్తి అని నలుగురూ ఆక్షేపించిన అంకె నిజానికి పదిహేను రెట్లు మెత్తగా పలికినది. తప్పిన అంకె ఇలా తన వాదాన్నే బలపరచడం శాస్త్ర చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

రెండవ ఆక్షేపణ: అసహజమైనదల్లా హానికరమా?

ఇది మొదటిదానికంటే బరువైన ఆక్షేపణ. రక్తంలో సీసం నూరు రెట్లు పెరిగినది, సరే. పెరిగితే ఏమైనది? కళ్లజోడు కూడా అసహజమే. హానికరం కాదు గదా! ఈ ప్రశ్నకు పేటర్సన్ వ్యాసాల్లో సమాధానం వెదకడం వృథా. అది ఆయన పని కూడా కాదు. ఆయన చూపినది సీసం ఎంత ఉన్నదని; అది ఏమి చేస్తుందన్నది ఇతరులు చూపవలసి వచ్చినది.

ఆ పని చేసినవారిలో ముఖ్యుడు హెర్బర్ట్ నీడిల్మన్ అనే పిల్లల మానసిక వైద్యుడు. రక్తంలోని సీసం ఇటీవలి సంగతినే చెబుతుంది. పాతలెక్క తెలియాలంటే ఎముక కావాలి. బ్రతికి ఉన్న పిల్లల ఎముకను కోయలేము. కాని పిల్లలు తమంతట తామే ఒక ఎముకవంటిదాన్ని ఇస్తారు. అదే ఊడిన పాలపన్ను. బోస్టను దగ్గరి రెండు పట్టణాల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లల పాలపళ్లను ఆయన సేకరించారు. పంటిలో సీసం ఎక్కువ ఉన్నవారినీ, తక్కువ ఉన్నవారినీ పోల్చి 1979లో ప్రకటించారు. ఎక్కువ సీసం ఉన్నవారి తెలివి కొలమానం సగటున సుమారు నాలుగు అంకెలు తక్కువ. తరగతిలో వారు నిలకడగా పని చేయలేకపోతున్నారని, ఏ పిల్ల పంటిలో ఏమున్నదో తెలియని ఉపాధ్యాయులే చెప్పారు. ఈ పిల్లల్లో ఎవరికీ కీహో చెప్పిన రోగలక్షణాలు లేవు.

నాలుగు అంకెలు ఒక లెక్కా అన్నవారున్నారు. ఒక పిల్లవాడిలో లెక్క కాదు. కాని దేశంలోని పిల్లలందరి సగటు నాలుగు అంకెలు జారితే అతి తెలివిగలవారి సంఖ్య బాగా తగ్గుతుంది, చదువు అంటనివారి సంఖ్య బాగా పెరుగుతుంది. నీడిల్మన్ లెక్కల తీరును నిజాయితీగా విమర్శించినవారూ ఉన్నారు. పేదరికం వంటి కారణాలను సరిగా వేరుచేయలేదన్నారు. 1990ల మొదట్లో ఆయనపై శాస్త్రీయ దుష్ప్రవర్తన ఆరోపణ కూడా వచ్చినది. విచారణలో అది నిలవలేదు. తరువాత అనేక దేశాల్లో పిల్లలను పుట్టుక నుంచి పరిశీలించిన ఏడు అధ్యయనాలను, 1333 మంది పిల్లల వివరాలతో, 2005లో కలిపి చూసినప్పుడు అదే ఫలితం మరింత గట్టిగా వచ్చినది. విశేషమేమంటే, మొదటి కొద్ది మైక్రోగ్రాములే ఎక్కువ నష్టం చేస్తున్నవి.

దీనికి కారణం అర్థం చేసుకోదగినదే. మన శరీరానికి సీసం ఏ మేలూ చేయదు. కాని అది కాల్షియంవలె వేషం వేయగలదు. ఎముకలోకి కాల్షియం వెళ్లే దారిలో వెళుతుంది. మెదడు కణాల మధ్య సందేశాలు నడిపే కాల్షియం చోటిలో దూరుతుంది. రక్తపు ఎర్రదనాన్ని తయారుచేసే ఎంజైములను అడ్డుకుంటుంది. ఇంకా రూపుదిద్దుకుంటున్న మెదడుగల పసివాడికి ఈ దొంగ వేషగాడివల్ల కలిగే నష్టం పెద్దవాడి కంటే ఎక్కువ.

మూడవ ఆక్షేపణ: సహజమైనదల్లా క్షేమమా?

పేటర్సన్ అభిమానులు సాధారణంగా తలపెట్టని ఆక్షేపణ ఇది. తెలుగువారికి మాత్రం ఇది వెంటనే తట్టాలి. సహజ ప్రమాణమే ఆరోగ్యానికి గీత అయితే నల్లగొండ జిల్లా సంగతి ఏమిటి? అక్కడి భూగర్భజలంలోని ఫ్లోరైడు ఏ కర్మాగారమూ కలిపినది కాదు; నేలలోని గ్రానైటు రాళ్లనుంచి నీటిలోకి దిగినది. అది సంపూర్ణంగా సహజం. అయినా పళ్లు గారపట్టాయి, వెన్నులు వంగిపోయాయి, కీళ్లు బిగుసుకున్నాయి. భారతదేశంలో ఈ వ్యాధిని మొట్టమొదట గుర్తించి 1937లో ప్రకటించినది కూడా ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. అది పేటర్సన్ వ్యాసానికి 28 ఏళ్ల ముందు సంగతి.

కాబట్టి ‘సహజం’ అన్నది క్షేమానికి హామీ కాదు. అది ఒక ఆనవాలు మాత్రమే. మనిషి చేసిన మార్పు ఎంతో చెబుతుంది, ఆ మార్పువల్ల మేలో కీడో చెప్పదు. సీసం విషయంలో రెండూ ఒకే వైపు చూపడం పేటర్సన్ అదృష్టం. ఫ్లోరైడు విషయంలో ఆయన కొలబద్ద ఒక్కటే పట్టుకొని వెళితే దారి తప్పుతాము.

అయినా నల్లగొండ ఆయన వాదంలో మరొక సగాన్ని సమర్థిస్తుంది. ఊరిలో అందరి పళ్లూ గారగానే ఉన్నప్పుడు ఆ గార ఎవరికీ వింతగా తోచదు. అది ఆ ఊరి మామూలు. పక్క ఊరి పిల్లలను తెచ్చి పక్కన నిలబెట్టినప్పుడే తేడా తెలుస్తుంది. సీసానికి అటువంటి పక్క ఊరు భూమి మీద ఎక్కడా మిగలలేదు గనుకనే పేటర్సన్ మంచు పొరల్లోకి, పాత సమాధుల్లోకి వెళ్లవలసి వచ్చినది.

నాలుగవ ఆక్షేపణ: సరిచూచేది ఎవరు?

శాస్త్రంలో ఒకరి కొలతను మరొకరు సరిచూడగలగాలి. పేటర్సన్ ప్రయోగశాలవంటిది చాలాకాలం మరెక్కడా సులభంగా దొరకలేదు. నా కొలతే సరి, మీ గదుల్లో మురికి ఉన్నదని ఒక్కరే అంటూంటే తక్కినవారు ఏమి చేయాలి? ఇది చిన్న ఇబ్బంది కాదు. 1980లో సెటిల్, పేటర్సన్ టూనా చేపను గూర్చి ప్రకటించిన పరిశోధన ఇందుకు మంచి నిదర్శనం. తాజా చేప కండలో గ్రాముకు 0.3 నానోగ్రాముల సీసం ఉన్నదని వారు తేల్చారు. ఒక ప్రభుత్వ ప్రయోగశాల అంతకు ముందు చూపినది సుమారు 400! సీసంతో అతికిన డబ్బాలోని చేపలో 1400. ప్రభుత్వ అంకెను నమ్మితే డబ్బావల్ల సీసం మూడున్నర రెట్లు పెరిగినట్లు. పేటర్సన్ అంకెను నమ్మితే వేల రెట్లు. చేప అదే, డబ్బా అదే. గిన్నె తూకం తీయకపోవడంవల్ల డబ్బా నేరం దాగిపోయినది.

క్రమంగా ఇతరులు కూడా అటువంటి శుభ్రమైన గదులు కట్టుకొని ఆయన కొలతలు సరైనవేనని తేల్చడంతో ఈ ఆక్షేపణ తొలగినది. కాని అంతవరకు ఆయన చెల్లించిన వెల తక్కువది కాదు. ఆయన పరిశోధనలకు పెట్రోలియం వ్యాపారుల సంస్థనుంచి వచ్చే ధనం నిలిచిపోయినది. గాలిలోని సీసాన్ని గూర్చి 1971లో నివేదిక ఇచ్చిన జాతీయ సంఘంలో, ఆ విషయం అందరికంటే బాగా తెలిసిన ఆయనకు చోటు దొరకలేదు. ఆ తరువాత 1980 నాటి సంఘంలో చోటు దొరికినప్పుడు, తక్కినవారితో పూర్తిగా ఏకీభవించక ఆయన విడిగా తన అభిప్రాయం వ్రాశారు.

ఫలితం

అమెరికాలో 1970ల నడుమ నుంచి పెట్రోలులో సీసం తగ్గుతూ వచ్చినది. 1976–80 మధ్య జనం రక్తంలో సగటున 12.8 మైక్రోగ్రాములున్న సీసం 1988–91 నాటికి 2.8కి దిగినది. ‘మామూలు’ అనుకున్నది పది పన్నెండేళ్లలో అయిదింట నాలుగు వంతులు కరిగిపోయినది! సహజమైనది అలా కరగదు. పేటర్సన్ వాదానికి ఇంతకంటే పెద్ద రుజువు ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. ఆయన 1995 డిసెంబరులో మరణించారు. రోడ్డు మీది బండ్లకు సీసపు పెట్రోలు అమ్మకాన్ని అమెరికా పూర్తిగా నిషేధించినది ఆ మరుసటి నెల, 1996 జనవరిలో. భారతదేశంలో 2000లో ఆగినది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపినది.

పిల్లల విషయంలో జాగ్రత్త పడవలసిన గీత కూడా అమెరికాలో 1960లలో 60 దగ్గర ఉండి 40, 30, 25, 10, 5 అని దిగుతూ 2021లో 3.5కి వచ్చినది. పిల్లలు మారలేదు, మన ‘మామూలు’ మారుతూ వచ్చినది. ఇంతవరకైతే క్షేమం అని చెప్పదగిన గీత ఏదీ సీసానికి తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయం.

మనకు సంబంధించిన మాట

పెట్రోలులో సీసం పోయినంత మాత్రాన మన పని తీరలేదు. పాత బ్యాటరీలను పగలగొట్టి ఇళ్ల నడుమ కరిగించే చోట్ల సీసం ఉన్నది. ఇత్తడి గిన్నెకు కళాయి వేసే తగరంలో చవక కోసం సీసం కలిపితే అది చారులోకి దిగుతుంది. పసుపుకొమ్ములకు మెరుపు కోసం లెడ్ క్రోమేటు పూయడం బంగ్లాదేశులో బయటపడినది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశం 2016లో నియమం చేసినది. నియమం కాగితం మీది నుంచి గోడ మీదికి ఎంతవరకు చేరినదో కొలిచి చూస్తూనే ఉండాలి.

కొలిచేటప్పుడు పేటర్సన్ను మరువరాదు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. వారి రక్తపు నమూనాల్లో సీసం, నికెలు ఉన్నట్లు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ తెలిపినది. తరువాత పురుగుమందులపై కూడా అనుమానం వెళ్లినది. ఇటువంటి వార్త విన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడున్నవి. జబ్బు పడని ఏలూరు వాసి రక్తంలో సీసం ఎంత? జబ్బుకు ముందు నెలలో ఎంత? నమూనా పట్టిన సీసాలో ఎంత? మొదటి రెండూ తెలియకపోతే సీసం ఆ రోజు జబ్బుకు కారణమా, లేక ఏళ్ల తరబడి అందరిలోనూ ఉన్న మామూలా అన్నది తేలదు. మూడవది తెలియకపోతే కొలత మీదనే నమ్మకం ఉండదు. ఒకవేళ అది అందరిలోనూ ఉన్న మామూలే అని తేలితే ఊరట పడవలసినది కూడా లేదు. అది మరొక జబ్బు, చప్పుడు చేయని జబ్బు.

మొత్తం మీద పేటర్సన్ పరిశోధనకు మన తీర్పు ఇది. ఆయన 1965 వ్యాసం సంపూర్ణమైన రుజువు కాదు. చక్కగా వేసిన ప్రశ్న. అందులోని ముఖ్యమైన అంకె ఊహ; ఆ ఊహను తరువాత ఆయనా, ఇతరులూ కొలతతో సరిదిద్దారు. హానిని ఆయన చూపలేదు; వైద్యులు చూపారు. సహజమైనదే క్షేమమన్న సూత్రం అన్నిచోట్లా పనికిరాదు. మన నల్లగొండ నీరే దానికి సాక్షి. ఇన్ని లోపాలు తీసివేసిన తరువాత కూడా ఒకటి మిగులుతుంది. అందరిలోనూ ఉన్నంత మాత్రాన ఒక విషం ఆరోగ్యం కాజాలదు. ఈ ఒక్కమాట నిలబెట్టడానికి ఆయన సముద్రపు నీటినీ, మంచునూ, ఎముకలనూ, చేపలనూ సాక్ష్యానికి పిలిచారు. ఆ సాక్ష్యం ఫలితాన్ని ఈనాడు పుట్టిన పిల్లల రక్తంలో చూడవచ్చు.